సరూర్‌నగర్ కట్ట మీద దొరికిన లాబ్రడార్

కుక్కను పెంచడంలో గొప్పేముంది? ఎవరైనా పెంచుతారు. పెంచిన కుక్కను తీసుకెళ్ళి సర్కారు వారి జంతు సంరక్షణ కేంద్రంలో వదిలి రావడం ఉంది చూశారూ, అదీ అసలైన సమాజసేవ!

అలా కళ్ళెర్రజేయకండి. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఆధారం లేకుండా ఒక్క వాక్యం రాయను.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి కాస్త లోపలికి వెళితే అలాంటి కేంద్రం ఒకటి ఉంది. దానికంతటికీ జోస్నా అని ఒకే ఒక్క డాక్టరమ్మ. పొద్దున్నే వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తుంది. అవయ్యాక గజ్జి పట్టినవి, ఆ తర్వాత బండి కింద పడి కాళ్ళు విరిగినవి. మధ్యమధ్య కాలనీ ప్రెసిడెంట్ల ఫోన్లు. 'మా వీధి కుక్కల్ని పట్టుకుపోండి' అంటారు. పట్టుకుపోయి, ఆపరేషన్ చేసి, రూలు ప్రకారం మళ్ళీ అదే వీధిలో వదిలితే 'ఎందుకు తెచ్చారు?' అని అడిగేదీ ఆ ప్రెసిడెంటే.

ఎంత విసుగు పుట్టే ఉద్యోగం! రోజూ అవే ఊరకుక్కలు! వెటర్నరీ కాలేజీలో అన్నేళ్ళు కష్టపడి చదివిన మనిషి, ఒక్క హస్కీనైనా ముట్టుకోకుండా రిటైరైపోవాలా? పగ్ ముక్కుతో ఊపిరెలా తీసుకుంటుందో దగ్గరుండి చూడొద్దూ?

ఆ లోటు తీరుస్తున్నది ఎవరనుకున్నారు? మనమే!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ యజమాని ఉన్నాడు. మంచుదేశపు హస్కీని కొని, మేడ మీద రేకుల గదిలో కట్టేశాడు. మే నెలలో అది పొద్దస్తమానం నాలుక బయటపెట్టి రొప్పుతుంటే, దీనికి డిసిప్లిన్ లేదని కేంద్రానికి తెచ్చి ఇచ్చేశాడు. హయత్‌నగర్‌లో ఒక కలప వ్యాపారి జర్మన్ షెపర్డ్‌ను పెంచాడు. అది దొంగను వదిలేసి వియ్యంకుణ్ణి కరిచింది. కొత్తపేటలో ఒక కొత్త జంట పెళ్ళి ఫొటోల కోసం పగ్‌ను కొన్నారు. ఫొటోల్లో ముద్దుగానే ఉంది గాని ఇంట్లో గురక పెడుతోందట. కొత్త కాపురంలో గురక పెట్టే హక్కు ఒక్కరికే ఉంటుంది కదా!

అందరికంటే నాకు నచ్చింది ఒక ఇంజినీరుగారు. వాళ్ళింట్లో ఈశాన్యం మూల కుక్క పడుకోకూడదని వాస్తు పండితుడు చెప్పాడు. ఆ కుక్కేమో అక్కడే పడుకుంటుంది, ఎందుకంటే ఫ్యాను ఉన్నది అక్కడే. ఫ్యానును జరపాలంటే ఎలక్ట్రీషియన్ రావాలి. కుక్కను జరపడానికి ఆటో చాలు.

ఇంత దానం చేసేవాళ్ళలో ఒక్కరైనా 'ఇది మా కుక్క' అని డప్పు కొట్టుకుంటారా? ఎంత నిరాడంబరత! 'రోడ్డు మీద దొరికింది మేడం, పాపం చూడలేక తెచ్చాం' అంటారు. ఎక్కడ దొరికిందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: సరూర్‌నగర్ చెరువు కట్ట.

రిజిస్టరు చూస్తే ఆ కట్ట మీద పుట్టినన్ని జాతి కుక్కలు యూరపు ఖండంలో కూడా పుట్టి ఉండవు. కేంద్రంలో కుక్కలకు స్నానాలు చేయించే భిక్షపతి ఇరవయ్యేళ్ళ సర్వీసున్న మనిషి. ఒకరోజు నాతోనే అన్నాడు.

"సార్, గా కట్ట మీద గడ్డి గూడ సక్కగ మొలుస్తలేదు. గీ హస్కీలు ఎట్ల మొలుస్తున్నయో నాకు సమజైతలేదు!"

అయితే డాక్టరమ్మ పనితీరులో రెండు లోపాలు కనిపెట్టాను. పాత సూపరింటెండెంటును కదా, ఊరుకోలేను.

మొదటిది, ఆమె అడిగే ప్రశ్న. మీ పేరేంటి, ఆధార్ ఏది అనదు. తలెత్తకుండా "ఏం తింటది?" అంటుంది. అంతే! నిజంగా రోడ్డు మీద దొరికిన కుక్కను తెచ్చినవాడు 'నాకేం తెలుసమ్మా' అంటాడు. మనలాంటి దాతలున్నారే, వాళ్ళు మాత్రం గడగడా చెప్పేస్తారు. చికెన్ స్కిన్ తీసి పెట్టాలి, ఉరుములంటే భయం, పక్కలోకి పాత దుప్పటే కావాలి, కొత్తది చింపేస్తుంది. పావుగంట క్రితం దొరికిన కుక్క గురించి ఇంత పరిశోధన! ఆమె అన్నీ పూసగుచ్చినట్టు రాసుకుంటుంది.

రెండో లోపం ఇంకా ఘోరం. అలా గడగడా చెప్పినవాళ్ళ విషయంలో 'దొరికిన చోటు' అనే గడిని పెన్సిల్‌తో నింపుతుంది. ప్రభుత్వ రిజిస్టరులో పెన్సిలా! నా సర్వీసులో ఒక గుమాస్తా పెన్సిల్ వాడితే మెమో ఇచ్చాను. ఈ సంగతి పేపర్లో ఎండగట్టాలని ఆరోజే అనుకున్నాను.

ఏ రోజంటారా? నేను కూడా సమాజసేవ చేసిన రోజు.

మా వనస్థలిపురం ఇంట్లో చిట్టిబాబు అని లాబ్రడార్ ఉండేది. తొమ్మిదేళ్ళది. ఈమధ్య వెనక కాళ్ళు పట్టుతప్పాయి. మేమేమో హాలంతా తెల్లటి మార్బుల్ వేయించాం. దాని మీద నాలుగడుగులు వేసి జర్రున జారేది. మళ్ళీ లేచి నిలబడేది, మళ్ళీ జారేది. చూడలేకపోయాను. అలాగని మార్బుల్ పీకించలేం కదా!

అందుకని మా ఆవిడ కుసుమకుమారి గుడికి వెళ్ళిన సమయం చూసి ఆటో పిలిచాను. తిరిగొచ్చి అడిగితే, గేటు తీసి ఉంటే ఎటో వెళ్ళిపోయిందన్నాను. డాక్టరమ్మకు మాత్రం నిజమే చెప్పాను: "సరూర్‌నగర్ చెరువు కట్ట మీద దొరికిందమ్మా."

"ఏం తింటది?" అంది.

"పెరుగన్నం. మెతుకు మెత్తగా ఉండాలి, ఉప్పు వెయ్యకూడదు. తినకపోతే ఎడమ చెవి వెనక కాస్త గోకండి, తింటాడు" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీసింది.

ఇంటికి వచ్చాక హాయిగా ఉంటుందనుకున్నాను. మార్బుల్ మీద ఒక్క గీత లేదు, ఒక్క బొచ్చు లేదు. కానీ మా ఆవిడ భోజనం చివర ఒక పెరుగు ముద్ద పళ్ళెం అంచున అట్టేపెట్టడం మానలేదు. తొమ్మిదేళ్ళ అలవాటు. ముద్ద పెట్టి కిందకు చూస్తుంది. తర్వాత నావైపు చూస్తుంది. పంతొమ్మిది రోజులు అలా చూశాక "ఏవండీ, గేటు గడియ మీరే కదా రోజూ వేసేది?" అంది.

మర్నాడు కేంద్రానికి వెళ్ళాను. ఊరికే, ఈ వ్యాసానికి వివరాల కోసం!

బల్ల ముందు భార్యాభర్తలిద్దరు తెల్ల పొమరేనియన్‌తో నిలబడి ఉన్నారు. చెరువు కట్ట మీద దొరికిందట. నేను పక్కకు నిలబడి, సాంబమూర్తినని పేరు చెప్పి దత్తత ఫారం ఇమ్మన్నాను. ఆ ముసలి లాబ్రడార్‌ను చూస్తే జాలేసింది, పెంచుకుంటానన్నాను. చెప్పాను కదా, నాకు దానగుణం ఎక్కువ.

"దత్తతకు ఇయ్యలేను సాంబమూర్తి సార్," అంది డాక్టరమ్మ. "అది ముసల్ది. వేరే మనిషి కాడ బతకది. దాని ఓనరొస్తేనే పంపిస్త."

"ఓనరు ఎవరో తెలియదు కదమ్మా, రాసుకున్నారు కదా!"

"అవును సార్, మీరే రాయించిన్రు."

లోపలి గదుల వైపు నుంచి భిక్షపతి వచ్చాడు. "మంచిగొచ్చిన్రు సార్! అది పెరుగన్నం దప్ప ఏం ముడ్తలేదు. డాక్టరమ్మ తన డబ్బాల పెరుగు రోజూ దానికే పెడ్తున్నది. మీరు జెప్పినట్టే నేను చెవెనక గోక్కుంట కూసుంటున్న. అయినా రెండు ముద్దలే తింటది, గేటు దిక్కు జూస్తది. గిట్లయితే ఎన్ని దినాలుంటదో..."

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఆ గది గోడల్లోకి దూరిపోదామా అనిపించేంత సిగ్గు. పొమరేనియన్ వాళ్ళిద్దరూ నావైపే చూస్తున్నారు.

"అది మా కుక్కేనమ్మా," అన్నాను. "చిట్టిబాబు దాని పేరు. కట్ట మీద దొరకలేదు. నేనే తెచ్చి పడేశాను."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రిజిస్టరు నా ముందుకు తిప్పి, సొరుగులోంచి ఒక రబ్బరు తీసి ఇచ్చింది.

"పెన్నుతోని రాస్తే మళ్ళ మార్చనీకి రాదు సార్. మీసొంటోళ్ళు మళ్ళొస్తరేమోనని పెన్సిల్‌తో రాస్త. మీది మీరే తుడిచి, పెన్నుతోని సక్కగ రాయుండ్రి."

తుడిచాను. 'వనస్థలిపురం, మా ఇల్లు' అని రాశాను. ఈలోగా భిక్షపతి చిట్టిబాబును చేతుల మీద మోసుకొచ్చాడు. సిమెంటు నేల మీద దించితే జారకుండా నాలుగడుగులు నడిచి వచ్చి, నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. వాడికి నా మీద కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

మా హాల్లో ఇప్పుడు మార్బుల్ నిండా గోనెసంచులు పరిచి ఉన్నాయి. చూడ్డానికి ధాన్యం గోదాములా ఉంది. మా ఆవిడ వాడితో మాట్లాడుతుంది, నాతో ఇంకా మాట్లాడటం లేదు.

ఇంతకీ ఆరోజే ఆ రిజిస్టరు పేజీలు వెనక్కి తిప్పి చూశాను, పాత అలవాటు కొద్దీ. పేజీ తర్వాత పేజీ, పైనుంచి కిందిదాకా పెన్సిల్ రాతే. హస్కీ, చెరువు కట్ట. పగ్, చెరువు కట్ట. ఈశాన్యం మూల పడుకునే కుక్క, చెరువు కట్ట.

రబ్బరు తిరిగి ఇచ్చేస్తూ చూశాను. రెండేళ్ళ క్రితం కొన్నదట. ఒక మూల మాత్రమే కొద్దిగా అరిగింది. కావలసినవాళ్ళు పొద్దున పది నుంచి ఒంటిగంట లోపు వెళ్ళండి. క్యూ ఉండదు.