కోదండపాణిగారి కారు ముల్లు లేచిన పర్వము

పెట్రోలు వాసన యెఱిగిన ముక్కులు గల సజ్జనులారా, వినుడు! ఆంధ్రప్రదేశ మవతరించి మూడు మాసములైన నిండని ఆ పుష్యమాస ప్రాతఃకాలమున, పెన్నాతీర శీతలసమీరములు బంగారపు టంగళ్ల తలుపులు తట్టుచుండగా, వర్తకశిఖామణులు చెవులకు మఫ్లరులు చుట్టుకొని త్రాసులకడ వణకుచుండగా, ప్రొద్దుటూరు పట్టణమున ప్లీడరు కోదండపాణిగారి వాకిట నొక ఘోరసంగ్రామము సంభవించెను.

ఆ వాకిట నిలిచియున్నది, రెండవ ప్రపంచయుద్ధమునకు మునుపు సీమనుండి యోడలో దిగివచ్చిన నల్లని కారు. దాని ముందుఫలకమున ఇంజను వేడిని తెలుపు మీటరొకటి గలదు. అందలి ముల్లు ఇరువది దినములుగా ఎడమమూలను బడి, ఎంత తోలినను లేవకయుండెను. ఇంజను వేడెక్కనిచో ఏమగునందురా? దగ్గును, తుమ్మును, పెట్రోలు గుటగుట త్రాగును, ఎత్తు కనబడిన ఆగును. మొన్న సోమవారము కోర్టుకు బోవుదారిలో ఆగిపోగా కక్షిదారులు దిగి తోసిరి. తోసినవారిలో ప్రతివాదులును గలరు. ప్లీడరుగారికి తల తీసివేసినట్లయ్యెను.

కావున ఆ న్యాయవాదకంఠీరవుడు అరుగెక్కి ఇట్లు ప్రతిజ్ఞ చేసెను:

"హుమాయున్! ఇంగ చాలప్పా. ఈ పొద్దు జమ్మలమడుగులో పాత సామాన్ల షాపాయన దగ్గరికి తోలు. ఆడికి పోయే లోపల ఆ ముల్లు మధ్యకొచ్చిందా, బండి మనది. రాకుంటే ఆడ్నే విడిచిపెట్టి బస్సులో వస్తాం!"

హుమాయున్ పదునెనిమిది వత్సరములు ఆ చక్రము బట్టిన సారథి. ఆ కారు పోయినచో నాతడు డ్రైవరు గాడు, వట్టి హుమాయున్. అతడు పరుగుపరుగున బోయి స్పానరుధారియు, గ్రీజువిలేపితబాహుడును నగు మెకానిక్కు అబ్దుల్ సత్తారును తోడ్కొని వచ్చి, ఱొమ్ము చఱచుకొని పలికెను:

"సత్తార్ భాయ్! ఈ ఇంజన్లో నేను ఒక్క సామాను పీకినోన్ని కాను. తప్పంతా మీటర్దే!"

"ఉండప్పా, చూస్తాండాం కదా," యని సత్తారు బానెట్టు లేపెను. ఇంజను నీటిలో మునిగియుండు మీటరు కొసను వెలికిదీసి, ప్లీడరుగారి యర్ధాంగి సీతమ్మగారు కాఫీకై కాచిన మరుగునీళ్ల గిన్నె తెప్పించి, అందు ముంచెను. ఆహా! ఇరువది దినములు మంచము దిగని ముల్లు దిగ్గున లేచి కుడికొసకు దుమికెను.

"మీటరు నిజమే చెప్తాంది. బండే చల్లగుండాది," అని సత్తారు తీర్పు చెప్పెను.

పిమ్మట నాతడు ఇంజను నెత్తిమీది మూత విప్పెను. నీరు రేడియేటరుకు బోవు ఆ ద్వారమున ఒక ఇత్తడి కావలివాడుండవలెను. వాని పేరు థర్మోస్టాటు. నీరు కాగువఱకు తలుపు మూసియుంచుట, కాగిన పిదప తెఱచుట, ఇంతియే వాని యుద్యోగము. సత్తారు తొంగిచూచెను. ప్లీడరుగారు తొంగిచూచిరి. గది యున్నది; కావలివాడు లేడు.

"ఈడుండాల్సింది యాడబోయ?" అని సత్తారు గర్జించెను.

అప్పుడు హుమాయున్‌కు జ్ఞప్తికి వచ్చెను! గడచిన వైశాఖమున, పులివెందుల దారిలో, మండుటెండలో బండి మరిగి పొగలు గ్రక్కినప్పుడు, ఎండాకాలమున కడపజిల్లా డ్రైవర్లెల్లరును జేయునదియే తానును జేసెను. ఆ ఇత్తడి వస్తువును పీకివైచెను. చలి వచ్చిన తోడనే తిరిగి పెట్టవలసినది. ఎండలున్నంతకాలము ముల్లు చక్కగా నిలిచియుండుటచే మఱచిపోయెను.

"సామీ... పీకింది నేనే," అని ఆ వీరుడు తలవంచెను. "పారెయ్యలేదు. ఇత్తడి కదా అని ఇంట్లో అమ్మకిచ్చినా."

ఎల్లరును లోనికి బరుగిడిరి. అచ్చట, దేవుని పటముల ముందు, చింతపండుతో తోమబడి తళతళ మెఱయుచు, నెత్తిన మూడు ఊదువత్తులు ధరించి పొగలు జిమ్ముచు ఆ థర్మోస్టాటు కొలువుండెను.

సీతమ్మగారు గడపకడ్డముగా నిలిచి యుద్ఘోషించిరి: "ఎనిమిది నెలలుగా దేవుని ముందర ఉండేది ఇది! దీన్ని తీసకపోయి ఆ మసిలో పెడతారా? నేనియ్యను!"

ప్లీడరుగారు వాదించిరి. ముప్పదియేండ్ల ప్లీడరీ ఆ గడపకడ నిమిషమైన నిలువలేదు. అప్పుడు హుమాయున్ చేతులు జోడించెను.

"అమ్మా, తప్పు నాది. బండి పోతే నేనూ పోయినట్లే. అది లేకుండా నేనేం చేసేదమ్మా?"

సీతమ్మగారు ఊదువత్తులు పెఱికి ఒక అరటిపండున గ్రుచ్చి, ఇత్తడి వస్తువును కొంగుతో దుడిచి యాతని చేతబెట్టిరి.

"తీస్కపో. ముల్లు లేయకుంటే మళ్లా నాకే తెచ్చియ్యి."

సత్తారు దానిని మరుగునీట వైచెను. అది మెల్లగా నోరు తెఱచెను. బ్రతికియున్నది! దానిని ఇంజను గదిలో దింపి, నీరు కారకుండ పాత క్యాలెండరు అట్టను గత్తిరించి, మూతక్రింద బిగించి, నీళ్లు నింపి సాగనంపెను.

రథము కదలెను. మొదటి మైలురాయి దాటెను, ముల్లు కదలలేదు. రెండవది దాటెను, లేదు. హుమాయున్ చూపు రోడ్డు విడువలేదు.

"సామీ, మీరే చూడండి. నాకు ధైర్యం చాల్లేదు."

"చూస్తాండా. నువ్వు తోలు."

మూడవ మైలురాయికడ ప్లీడరుగారు ముందునకు వంగిరి. నాలుగవదానికడ కళ్లద్దములు దుడుచుకొనిరి. ఐదవది దాటగనే కోర్టులో నెన్నడును వినబడని కేక వైచిరి: "లేచిందిరా!"

హుమాయున్ ఏడ్చెను. ఏడ్చుచునే గేరు మార్చెను.

జమ్మలమడుగున పాత సామానుల వర్తకుడు చేతులు నలుపుకొనుచు ఎదురువచ్చి, "అమ్మేదానికి తెచ్చినారా సామీ?" అని యడిగెను.

"లేదప్పా," అనిరి ప్లీడరుగారు కారు దిగకయే. "మా ముల్లు చూసిపోదువు రా."

అతడు కిటికీలో తల దూర్చి భక్తితో చూచెను. ఇట్లు ఇరువురు వీరులు పన్నెండు మైళ్లు ప్రయాణించి, పరాయివాని సాక్షిగా, బొటనవ్రేలి గోరంత దూరమును జయించి, అదే రథముపై ఇంటికి మరలిరి.