దిండు ముక్కు, క్లబ్బు కప్పు

ఊపిరి పీల్చుకోవడం అనే అలవాటుకు మనం అనవసరంగా పెద్దపీట వేస్తున్నామని నా నిశ్చితాభిప్రాయం. పుట్టిన దగ్గర్నుంచీ అదే పని! పీల్చడం, వదలడం, మళ్ళీ పీల్చడం! దీనివల్ల ఎవరికైనా ఒక్క కప్పు వచ్చిందా? ఒక రిబ్బనైనా వచ్చిందా? రాదు. అవన్నీ ఊపిరాడనివాళ్ళకే వస్తాయి. నమ్మకపోతే మా పిన్ని కుక్క సంగతి వినండి.

మా పిన్ని దర్జీ. ఇంటి ముందు గదిలో మిషను, గోడకి నిలువుటద్దం, మెళ్ళో ఎప్పుడూ టేపు. ఆ మిషను కింద, కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కల కుప్ప మీద ఒక పగ్ జాతి కుక్క పడుకుని ఉంటుంది. పేరు దిండు. లేత గోధుమరంగు ఒళ్ళు, నల్లటి మొహం, లోకంలోని పెళ్ళిళ్ళన్నీ తనే జరిపించాలన్నట్టు నుదుటి మీద ముడతలు. ముక్కు మాత్రం లేదు. అంటే ఉంది, వెతుక్కోవాలి. కోయడం మరిచిపోయిన కాజాల్లా రెండు గీతలు, అంతే.

ఆ గీతల్లోంచి పట్టపగలు గురక వచ్చేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "లోపల అంకుల్‌కి ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాళ్ళు. లోపల పేపరు చదువుకుంటున్న బాబాయ్ రోజుకు నాలుగుసార్లు "అది నేను కాదమ్మా!" అని అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది.

కుక్కల డాక్టరమ్మ చూసి, "ఆంటీ, వీడు స్ట్రాతో గాలి పీలుస్తున్నట్టు లెక్క. చిన్న ఆపరేషన్ చేసి రంధ్రాలు కాస్త వెడల్పు చేద్దాం. హాయిగా ఉంటాడు" అంది. పిన్ని సరేనంది.

అక్కడే వచ్చి పడింది అదృష్టం! ఆసుపత్రి బెంచీ మీద తన కుక్కతో కూర్చున్న చిట్టిజాతి కుక్కల క్లబ్బు సెక్రటరీ దిండును చూశాడు. లేచాడు. చుట్టూ తిరిగాడు. తోక దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"రెండు చుట్లు! అమ్మా, సాక్షాత్తూ స్టాండర్డే నడిచొచ్చినట్టుందమ్మా!"

స్టాండర్డ్ అంటే ఏమిటంటారా? కాగితం మీద ఉండే కుక్క. ఏ జాతికి మొహం ఎలా ఉండాలో, తోక ఎన్ని చుట్లు తిరగాలో అందులో రాసి ఉంటుంది. ఆ కుక్క తినదు, మొరగదు, ఎవరి చెప్పులూ కొరకదు. రక్తమాంసాలున్న కుక్కలన్నీ తాము దానిలా ఎందుకు లేమో బల్లెక్కి సంజాయిషీ చెప్పుకోవాలి.

"ఆపరేషన్ మాత్రం వద్దు," అన్నాడు సెక్రటరీ. "రూపం మార్చినట్టవుతుంది, రింగులోకి రానివ్వరు. మా క్లబ్బు పోటీ మూడు వారాల్లోనే. ఆగలేరా?"

ఇరవై ఏళ్ళుగా ఎవరెవరో వేదికలెక్కడానికి బట్టలు కుట్టిన మనిషి పిన్ని. చప్పట్లు మోగేటప్పుడు తను కింద నిలబడి, కుట్టు ఎక్కడైనా పిగిలిందేమోనని చూసుకునేది. ఆ ఇంట్లోవాళ్ళెవరినీ ఎవరూ ఎప్పుడూ వేదిక మీదికి పిలవలేదు. ఆగింది.

"వాడి ఊపిరికి మూడు వారాలు వాయిదానా?" అన్నాడు బాబాయ్.

"మూడు వారాలే కదండీ," అంది పిన్ని, మిషను మీంచి తలెత్తకుండా.

పోటీనాడు హాలు నిండా పెద్ద దీపాలు. బొచ్చుకుక్కల జుట్టు రేగుతుందని కిటికీలన్నీ మూసేశారు. న్యాయనిర్ణేత ఆరడుగుల మనిషి. ఒక్కొక్క కుక్కనీ బల్ల మీద పెట్టించి, పెదవెత్తి పళ్ళు లెక్కపెట్టాడు, పక్కటెముకలు తడిమాడు. ఒకదాని మొహంలో ఉండాల్సినంత ఆశ్చర్యం లేదని మార్కులు కోశాడు. ఇంకొకదాని కళ్ళలో తెలివి కాస్త ఎక్కువైందని పక్కన పెట్టాడు. ఎంత సూక్ష్మదృష్టి!

దిండు వంతు వచ్చింది. ఆయన దాని మొహాన్ని పక్కనుంచి చూసి, "బల్లపరుపు! ముక్కు ఏమాత్రం అడ్డు రావడం లేదు!" అని పరవశించిపోయాడు. పిన్ని కళ్ళు చెమర్చాయి. ముక్కు అడ్డు రాకపోతే గాలి అసలే రాదని ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది?

ఇక తాడు కట్టిన రింగు చుట్టూ పిన్నీ, గొలుసుతో పక్కనే దిండూ పరుగు. మొదటి రౌండు బాగానే వెళ్ళింది. రెండో రౌండులో మిషనులో దారం చిక్కుకున్నప్పుడు వచ్చే చప్పుడు వినిపించింది. పిన్ని కాలు అలవాటుకొద్దీ ఆగిపోయింది. దిండు నాలుగడుగులు వేసి, కాళ్ళు చాపి పక్కకు ఒరిగిపోయింది. నాలుక నీలంగా ఉంది.

"లేపండమ్మా!" తాడు అవతల్నుంచి సెక్రటరీ గుసగుసగా అరిచాడు. "కప్పు మనదే! ఒక్క రౌండుకి ఓర్చుకోండి!"

పిన్ని వంగి కుక్కను ఎత్తుకుంది.

"నా దగ్గరికొచ్చేవాళ్ళకి రవిక బిగుతైతే కుట్టు విప్పుతాను సార్. ఊపిరి బిగబట్టుకో అని చెప్పను," అంది. "వీడికి చెప్పాను. మూడు వారాలుగా చెప్తున్నాను."

తాడు దాటి బయటికి పరుగెత్తింది.

న్యాయనిర్ణేత అప్పటిదాకా తలవంచుకుని మార్కులు వేస్తున్నాడు. మధ్యలో ఒక్కసారి తలెత్తినప్పుడు దిండు కదలకుండా పడుకోవడం మాత్రమే ఆయన కంటపడింది. మైకులో ప్రకటించాడు: "విజేత దిండు! తోక, మొహం సరే, ఇంత హడావుడి పరుగుల మధ్య ఆ ప్రశాంతత, ఆ నిగ్రహం! నా సర్వీసులో చూడలేదు!"

సెక్రటరీ కప్పు పట్టుకుని బయటికి దౌడు తీసి, కారు తలుపు దగ్గర బాబాయ్ చేతిలో పెట్టాడు. బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చిల్లు లేదు కదా?" అని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. "ఆ కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకురండి. త్వరగా!"

మూడు కప్పుల నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, పిన్ని కొంగుతో విసిరితే దిండు కళ్ళు తెరిచింది. ఆసుపత్రికి వెళ్ళే దారంతా పిన్ని దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని పొట్ట ఎగిరి పడటం లెక్కపెడుతూ కూర్చుంది. డాక్టరమ్మ గబగబా దిండుకు ఆక్సిజన్ పెట్టింది. తనను నాలుగు తిట్టినా బాగుండేదని పిన్నికి అనిపించింది. దిండు తేరుకున్నాక ఆపరేషన్ చేశారు.

నష్టం చూడండి! ఇప్పుడు దిండుకు రెండు ముక్కురంధ్రాలున్నాయి. గురక లేదు, గాంభీర్యం లేదు. వీధి చివరిదాకా పరుగెత్తి పిల్లిని తరిమి, చెట్టు కింద ఓడిపోయి వస్తుంది. బాబాయ్‌కి కూడా "అది నేను కాదమ్మా!" అనే అవకాశం పోయింది. ఎందుకంటే ఇప్పుడు మధ్యాహ్నాలు గురక పెట్టేది ఆయనే!

నెల తిరక్కుండా క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఆపరేషన్ వల్ల కుక్క స్టాండర్డ్ తప్పినందున అర్హత రద్దయిందనీ, కప్పు వాపసు చేయాలనీ. పిన్ని జవాబు రాసింది: "కప్పు పంపుతున్నాను. ముక్కు మాత్రం తిరిగి ఇవ్వలేం."

ఆ కప్పు అప్పగించే గౌరవం నాకు దక్కింది. క్లబ్బు ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. మూడో అంతస్తు మలుపులో సెక్రటరీ కనిపించాడు. కమ్మీ పట్టుకుని, నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, నుదుటి మీద ముడతలతో నిలబడి ఉన్నాడు. పొట్టి మెడ, వెడల్పు ఛాతీ. పక్కనుంచి కూడా చూశాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు!

"బాబూ... ఆ కిటికీ... కాస్త..." అన్నాడు.

ఇంకో రెండు నిమిషాలు ఆగితే ఆయన తప్పకుండా గెలిచేవాడు. కానీ నాకు న్యాయనిర్ణేత శిక్షణ లేదు కదా! వెళ్ళి కిటికీ తెరిచాను.