ఈదమ్మ ఎట్ల పడ్డది?

శ్రావణ ఆదివారం. ఈదమ్మ ఒక్కపొద్దు ఉంది. తుర్కపల్లి ల్యాబులో పొద్దున్నే తుడిచేసి, పన్నెండింటికి బయలుదేరి, తూంకుంటలో పోచమ్మకు బోనం ఎత్తాలి. ఇంటి దగ్గర కోడలు యమున కుండకు పసుపు పూసి ఎదురుచూస్తోంది.

పదకొండింటికి తను తుడిచిన కారిడార్‌లోనే ఈదమ్మ కాలు జారింది, బకెట్‌కు తగిలింది, కూలబడింది. దెబ్బేమీ లేదు. లేచేలోపే సేఫ్టీ ఆఫీసర్ ఫణిభూషణ్ ఫారంతో వచ్చాడు.

"ఇది స్లిప్పా, ట్రిప్పా, ఫాలా?"

"పడ్డ సారూ. గంతే."

"అలా కుదరదు. తడికి జారితే స్లిప్. ఏదైనా తగిలి తూలితే ట్రిప్. నేల మీద పడితే ఫాల్. ఒక్కదానికే టిక్కు పెట్టాలి. ఫారం పూర్తయితేనే గేటు దాటేది."

"స్లిప్పే రాయిండ్రి, జల్దీ పోవాలె."

"నేల తడిపిందెవరు?"

"నేనే."

"అయితే మూడు గంటలు ట్రైనింగ్ తీసుకోవాలి."

"గట్లయితే ట్రిప్పు!"

"బకెట్ అడ్డం పెట్టిందెవరు?"

"అదీ నేనే."

చివరికి ఫాల్ అన్నారు. ఫాల్ అంటే నర్సు దగ్గరికి పంపాలి. నర్సు శ్రీదివ్య గోలీతోపాటు బిస్కెట్లు తెచ్చింది. "ఖాళీ కడుపుతోని గోలీ ఎయ్యొద్దు అవ్వా."

"ఒక్కపొద్దు బిడ్డా! బోనం ఎత్తేదాంక ఏం ముట్ట."

వైద్యం నిరాకరించినందుకు ఇంకో ఫారం వచ్చింది. పడ్డ మనిషిని లేపడానికి ఇంత చదువు కావాలా అని అమ్మవారికి కూడా అనుమానం వచ్చే ఉంటుంది.

"కనీసం ఆ తడన్న తుడువనియ్యి సారూ," అంది ఈదమ్మ.

"ముట్టుకోకు! అది సాక్ష్యం."

పన్నెండు దాటింది. ఈ మూడింటి తేడా అందరికీ ఒకేసారి అర్థమయ్యేలా చెప్పాలని ఫణిభూషణ్ సిబ్బందిని కారిడార్‌లోకి పిలిచాడు. "చూడండి, స్లిప్‌లో మడమ ఇలా ముందుకు..." అంటూ సాక్ష్యం మీద మడమ పెట్టాడు. మడమ ముందుకే వెళ్లింది. ఆయన వెనక్కి వెళ్లాడు. చెయ్యి విరిగిన చప్పుడు వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది.

"ఏం రాయాలె సారూ?" అని శ్రీదివ్య పెన్ను తీసింది.

"ముందు కారు పిలువమ్మా!"

దెబ్బ తగిలినవాళ్ల వెంట కళ్లారా చూసిన మనిషి ఆసుపత్రికి వెళ్లాలన్నది ఆయన రాసిన నిబంధనే. అందరికంటే ముందు నిలబడి చూసింది ఈదమ్మ. ఆసుపత్రేమో తూంకుంటలో ఉంది. ఆమె కారులో కూర్చుని కోడలికి ఫోన్ చేసింది. "యమునా, బోనం పట్టుకోని దవఖాన కాడ నిలబడు. కంపెనీ కారుల వస్తున్న."

ఒంటిగంటకల్లా బోనం గుడి చేరింది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టర్, తను ఎలా పడ్డాడో ఫణిభూషణ్ చెప్పడం మొదలుపెట్టేలోపే కట్టు కట్టేశాడు.