దొరమ్మ రెండో రాకడ

మనిషి రావడం వేరు, వచ్చిన మనిషికి స్వాగతం చెప్పడం వేరు. మొదటిది ఎవరైనా చెయ్యగలరు, బస్సు టిక్కెట్టుంటే చాలు. రెండోదానికి ఒక విభాగం ఉండాలి, నిబంధనలుండాలి, వాటిని అమలు జరపడానికి ఒక బాధ్యుడుండాలి. ముక్తేశ్వరం రేవుకి కాస్త ఇవతల, కొబ్బరితోటల మధ్యనున్న కరుణా బాలల గృహంలో ఈ మూడూ ఉండేవి. ఆ బాధ్యుడి పేరు ఏసుపాదం.

ఏసుపాదం అంతకుముందు అమలాపురం పెళ్ళిబ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ముందుపళ్ళు ఊడిపోయేక ఊదడం కుదరక మానేసేడు. (మానేసినా, ఎవరైనా కారు దిగుతుంటే అతని బుగ్గలు వాటంతటవే ఉబ్బేవి.) తొంభయ్యారు తుఫాను తరవాత ఫారిన్ బృందాలు వరసకట్టి రావడం మొదలెట్టగానే, గృహం డైరెక్టరు ఇశ్రాయేలు అయ్యగారు అతన్ని పిలిపించి, స్వాగతాలు చూసుకోగలవా అని అడిగేరు. పెళ్ళికొడుకు దిగినా మిషనరీ దిగినా దిగడం దిగడమే కదండీ అన్నాడు ఏసుపాదం. ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది.

నిబంధనలు ఎవరూ కాగితం మీద పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. అతిథులు కోటిపల్లి వైపునుంచి పంటు మీదే గోదారి దాటి రావాలి. (రావులపాలెం మీదుగా కారులో నేరుగా రావచ్చు. కానీ అందులో ఫోటోలు బాగా రావు.) మెడలో దండ పడకుండా గేటు దాటకూడదు. కొబ్బరిబొండం తాగి తీరాలి. పిల్లలు పెట్టెలోంచి తీసిన కొత్త గౌన్లూ నిక్కర్లూ వేసుకుని, ఎత్తు ప్రకారం నిలబడి, ఇంగ్లీషు పాట పాడాలి. అతిథుల కంట బోరింగు పంపు, వంటసాల, మరుగుదొడ్డి పడకూడదు. అవి లేవని కాదు, ఉన్నాయని ఒప్పుకోవడానికి అది సమయం కాదు.

ఇంకోటి కూడా ఉంది. గృహంలో సగంమంది పిల్లల తల్లులు కువైట్లోనో దుబాయ్‌లోనో ఇళ్ళల్లో పనికి వెళ్ళినవాళ్ళు. స్వాగతం నుంచి వీడ్కోలు వరకూ ఆ పిల్లలు తాత్కాలికంగా అనాథలు. బృందం రేవు దాటగానే ఎవరి తల్లి వాళ్ళకి తిరిగి దఖలు పడేది.

తొంభయ్యెనిమిది నవంబరులో స్కాట్లండునుంచి ఒక బృందం శనివారం వస్తున్నట్టు కబురొచ్చింది. ఏర్పాట్లన్నీ సవ్యంగా నడుస్తుండగా, మంగళవారం మిట్టమధ్యాహ్నం ఆ బృందంలో ఒకావిడ వచ్చేసింది. విమానం టిక్కెట్టు ముందుకు జరిగిందట. పేరు డోరీన్. వాళ్ళ ఊళ్ళో ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పాలక్యాన్ల మధ్య పంటు మీద నిలబడి, రేవులో రిక్షా ఎక్కి, వీపున సంచీతో గేటు తోసుకుని లోపలికొచ్చింది.

అప్పటికి పిల్లలు పంపు దగ్గర సబ్బు నురగల్లో ఉన్నారు. వంటమనిషి వీరాయమ్మ వంటసాల గుమ్మంలో ఒక పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలు చూస్తోంది. ఏసుపాదం లుంగీ ఎగ్గట్టి పందిరి గుంజ పాతుతున్నాడు. ఆవిణ్ణి చూడగానే అతని బుగ్గలు ఉబ్బేయి. దండ లేదు, బొండం లేదు, పాట లేదు. నిషేధించిన మూడింటిలో రెండు ఆవిడ అప్పుడే చూసేసింది. మూడోది ఎక్కడని అడుగుతోంది.

ఏసుపాదం ఎస్టీడీ బూతుకి పరిగెత్తి, బ్యానరు రాయించడానికి రాజమండ్రి వెళ్ళిన అయ్యగారికి సంగతి చెప్పేడు. అయ్యగారు తొందరపడొద్దనీ, స్వాగతం జరగలేదు గనక ఆవిడ ఇంకా రానట్టేననీ తేల్చేరు. శనివారం పొద్దున్నే ఆవిణ్ణి అవతలి రేవుకి తీసుకెళ్ళి బృందంలో కలిపి పంటు ఎక్కించాలి. అప్పుడొస్తుంది.

ఈ మాట ఏసుపాదం తనకొచ్చిన ఇంగ్లీషులో, చేతులు నలుపుకుంటూ ఆవిడకి విన్నవించుకున్నాడు. ఆవిడేమీ అనుకోలేదు. జీవితమంతా పోస్టాఫీసులో పనిచేసినావిడ కనక ఇందులో వింతేమీ కనపడి ఉండదు.

అతిథుల గది తాళం అయ్యగారి దగ్గరే ఉంది. అంచేత ఇంకా రాని డోరీన్ గారు వీరాయమ్మ గదిలో నులకమంచం మీద పడుకుంది. పొద్దున్నే లేచి పంపు కొట్టింది. కొబ్బరి కోరింది. పేలదువ్వెన చేతికిస్తే వరసగా అందరి తలలూ దువ్వింది. ఉత్తరాలు పంచిన చెయ్యేమో, ఒక్క తల కూడా వదల్లేదు. వీరాయమ్మకి డోరీన్ అని నోరు తిరగక దొరమ్మ అంది. పిల్లలూ దొరమ్మే అన్నారు. ఆవిడ తన పేరు తెలుగులో అంతే కాబోలనుకుంది. ఏం చెప్పినా ఆయ్ అంటే సరిపోతుందని వీరాయమ్మ ఒక్క మాట నేర్పింది. ఆ ఒక్క మాటతో కోనసీమలో ఎన్నాళ్ళయినా బతికెయ్యచ్చని ఆవిడకి రెండోరోజుకే అర్థమైంది.

దుర్గాశ్రీ అని ఏడేళ్ళ పిల్ల ఒకత్తి ఉండేది. వాళ్ళమ్మ కువైట్ వెళ్తూ ఆషాఢంలో దింపిపోయింది. అప్పట్నుంచీ ఎవరితోనూ మాట్లాడదు. అలికిడి చెయ్యదు, ఎదురు చెప్పదు, మొహం చూస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది. అందుకే ఏసుపాదం ఆ పిల్లని ఏరికోరి, దండవేసే పని అప్పగించేడు. చెప్పాల్సిన ఇంగ్లీషు వాక్యం కూడా నేర్పేడు. నా పేరు గ్రేసీ, నాకు ఎవరూ లేరు, వచ్చినందుకు మీకు వందనాలు.

ఆ పిల్ల బుధవారం సాయంత్రం దొరమ్మ పక్కన చేరి, ఉన్నట్టుండి మాట్లాడ్డం మొదలెట్టింది. వాళ్ళమ్మ కువైట్లో ఏసీ గదిలో పడుకుంటుందనీ, వచ్చేటప్పుడు చప్పుడుచేసే బూట్లు తెస్తానందనీ, తమ మేక పేరు ఫలానా అనీ, దీపాలు పెట్టేవేళ దాకా చెప్పింది. దొరమ్మ ప్రతి మాటకీ ఆయ్ అంది. పాలకూర తరుగుతున్న వీరాయమ్మ కత్తిపీట పక్కనబెట్టి కళ్ళు తుడుచుకుంది. ఏసుపాదం గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. నాలుగు నెలల్నుంచీ ఆ మాటలు అక్కడే ఉన్నాయి, అడిగినవాళ్ళు లేరు. తను నేర్పింది ఒక్కటే వాక్యమని అతనికి గుర్తొచ్చింది.

శనివారం వచ్చింది. డోరీన్ గారు తెల్లారగట్లే గోదారి దాటి వెళ్ళి, బృందంతో కలిసి మొదటిసారిగా గృహానికి వచ్చింది. మేళం మోగింది. పాట అయింది. దుర్గాశ్రీ దండ పట్టుకుని ముందుకొచ్చి, ఆవిణ్ణి చూసి ఆగిపోయింది. నేర్పిన వాక్యం ఎటు పోయిందో పోయింది.

"మీరు మంగళవారమే వచ్చేరు కదండీ. మళ్ళీ ఎందుకు వచ్చేరు?" అంది, అందరికీ వినబడేలా.

అయ్యగారు చెక్కుచెదరకుండా, ఈ పాప మంగళవారం నుంచీ మీకోసం ఎదురుచూస్తోందని ఇంగ్లీషులోకి తర్జుమా చేసేరు. బృందంలో ఒకరిద్దరు జేబురుమాళ్ళు తీసేరు.

"మా అమ్మ కువైట్లో ఉంది. నాకెవరూ లేరని చెప్పమన్నారు" అంది దుర్గాశ్రీ.

వీళ్ళమ్మ మనందరికీ దూరంగా వెళ్ళిపోయిందన్నారు అయ్యగారు. అతిథులంతా తలలెత్తి ఆకాశంకేసి చూసేరు. (దిక్కు కాస్త తేడా. కువైట్ పడమటనుంది.) డోరీన్ గారు మాత్రం వంగి, దండ వేయించుకుని, ఆయ్ అంది.

ఆ సాయంత్రమే స్వాగత విభాగం సమావేశమైంది. అంటే అయ్యగారు కూర్చున్నారు, ఏసుపాదం నిలబడ్డాడు. మాట్లాడే పిల్లల్ని ఇకమీదట ముందువరసలో పెట్టకూడదని అయ్యగారు శాసించేరు. ఏసుపాదం ఆయ్ అండీ అని, గొంతు సవరించుకుని, అసలు ఈ పిల్లని స్వాగతాలకే రానివ్వకుండా ఆ రోజుల్లో వంటసాలలో కూర్చోబెడితే బుద్ధొస్తుందన్నాడు. గట్టి శిక్షే ఆలోచించేవని అయ్యగారు మెచ్చుకున్నారు. ఏసుపాదం నేలచూపులు చూసేడు. ఆ మొహంలో ఏముందో అయ్యగారు చూడలేదు.

మర్నాడు బృందం ప్రహరీగోడకి రంగు వేసింది. (కిందటి బృందం నీలం వేసింది. వీళ్ళకి పసుపు ఇచ్చేరు.) డోరీన్ గారు కుంచె పక్కన పడేసి పంపు వైపు నడిచింది. ఏసుపాదం చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. అతిథులు అటు వెళ్ళకూడదన్నాడు. మొన్న నేనే కదా ఆ పంపు కొట్టేనందావిడ.

"అప్పటికి మీరింకా రాలేదండి" అన్నాడు ఏసుపాదం.

ఆవిడ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇంకో బొండం తాగింది. అలా రెండ్రోజులు తాగింది. మూడోరోజు ఏసుపాదాన్ని పక్కకి పిలిచి, మళ్ళీ రానిదాన్ని అవ్వాలంటే ఏం చెయ్యాలని అడిగింది. స్వాగత విభాగానికి ఇంతకన్నా పెద్ద పాలనా సమస్య ఎప్పుడూ ఎదురవలేదు. అతను సాయంత్రం దాకా ఆలోచించి, వెళ్ళిపోవాలండీ అన్నాడు.

డోరీన్ గారు తక్షణం ఊరికి వెళ్ళాలని అయ్యగారితో చెప్పింది. వీడ్కోలు ఘనంగా జరిగింది. శాలువా కప్పేరు, పాట పాడేరు, అందరూ కలిసి ఫోటో తీయించుకున్నారు. ఏసుపాదం సంచీ మోసుకుని పంటు మీద కోటిపల్లి దాకా సాగనంపేడు. అక్కడ ఇద్దరూ చెరో టీ తాగి, తిరుగు పంటు ఎక్కేరు. ఈసారి గేటుకేసి పోకుండా, కాలవగట్టు మీంచి నడిచి, అరటిచెట్ల వెనకనుంచి వంటసాలలోకి వెళ్ళేరు.

వీరాయమ్మ తల తిప్పి చూసి, "వచ్చేరా దొరమ్మా, ఆ బియ్యం కడిగి పెట్టండి" అంది.

ఏసుపాదం అంత చిన్న స్వాగతం తన ఉద్యోగంలో చూడలేదు. లోపం వెతుకుదామనుకున్నాడు. దొరకలేదు.

బృందం వెళ్ళిన వారానికి అయ్యగారికి సంగతి తెలిసింది. కోపమొచ్చింది గానీ ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళిపోయిన మనిషిని పొమ్మనడానికి నిబంధన లేదు. ఒకసారి వీడ్కోలు చెప్పినవాళ్ళకి మళ్ళీ చెప్పడానికి శాలువా లేదు. అంచేత ఆయన వంటసాల ముందునుంచి వెళ్ళినప్పుడల్లా తల పక్కకి తిప్పుకునేవారు. ఆవిడ వీరాయమ్మ పాత నేతచీర కట్టుకుని, ఎండకి కమిలి, పొగకి దగ్గుతూ, పిల్లల తలలు దువ్వుతూ ఉండిపోయింది. దుర్గాశ్రీ ఇప్పుడు వద్దన్నా మాట్లాడుతోంది. స్వాగతం ఎప్పుడుందని తనే వచ్చి అడుగుతోంది, శిక్ష కోసం.

క్రిస్మస్‌కి ఇంకో దేశంనుంచి ఇంకో బృందం వచ్చింది. అందులో కెమెరా పట్టుకున్న కుర్రాడు దారి తప్పి వంటసాల కిటికీ దగ్గరికి వెళ్ళేడు. లోపల పొగలో, అటు తిరిగి, నెరిసిన జుట్టుతో ఒక ముసలావిడ, ఆవిడ భుజానికి ఆనుకుని ఒక పిల్ల. ఎవరని అడిగేడు. వీడ్కోలైపోయిన అతిథి అని చెప్పడం కుదరక, ఎవరూ లేనివాళ్ళని చేరదీసేమండీ అన్నారు అయ్యగారు. ఆ ఫోటో కొత్తసంవత్సరం క్యాలెండరెక్కి దేశదేశాలకీ వెళ్ళింది. కింద ఆ మాటే అచ్చువేసేరు, వీళ్ళకి ఎవరూ లేరు అని.

ఫిబ్రవరిలో ఒక ఉత్తరం వచ్చింది. ఆ దిక్కులేని ముసలావిణ్ణి చూసి తమ మనసు కరిగిపోయిందనీ, ఓదార్చడానికి వేసవిలో ఒక బృందం బయల్దేరుతోందనీ అందులో రాసేరు. రాసింది స్కాట్లండులో డోరీన్ గారి సొంత ఊరి చర్చి వాళ్ళు. అయ్యగారు రెండుసార్లు చదివి, ఏసుపాదానికిచ్చి చదవమన్నారు. నవంబరులో తమ ఊరినుంచి వెళ్ళిన మనిషి ఒకావిడ ఇంకా ఇల్లు చేరలేదన్న సంగతి ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.