సరంగు చూడని సగం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు, పైగా ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతీ కాదు. ఒక ఊరు ఊరంతా ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకున్న రహస్యం ఒకటుంది. అది ఏ పూట ఎలా బయటపడిందో, మధ్యలో మా అక్క బాణలికి ఏ గతి పట్టిందో చెబుతాను.

మా బావ రేవులో సరంగు, అంటే చుక్కాని పట్టి లాంచీ నడిపే మనిషి. నదికి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, రోజుకు పద్నాలుగు సార్లు. లాంచీ చెక్కది, బావకంటే రెండేళ్ళు పెద్దది. ఇద్దరికీ చలికాలం పొద్దున్నే దగ్గు వచ్చేది.

ఆయనకు సినిమా పిచ్చి. నలభై సినిమాల పిచ్చి కాదు, ఒకటే సినిమా. రేవుకు ఎదురుగా ఉన్న పాత హాల్లో ఆదివారం ఆదివారం పొద్దున్న ఏడింటికి నౌకాదళం మీద తీసిన ఒక హాస్య చిత్రం ఆడేది. బయట నిజంగా యుద్ధం జరుగుతున్న రోజుల్లో తీశారట. ఇంటికొకరు ఓడెక్కి వెళ్ళిన కాలం, ఉత్తరం వస్తుందో రాదో అని గుమ్మంలో నిలబడిన కాలం. అలాంటప్పుడు ఎవరో మహానుభావుడు కూర్చుని, ఒక్కరు కూడా చావని ఓడను ఒకదాన్ని తయారుచేశాడు. ఆ ఓడలో జరిగే అతి పెద్ద ఘోరం ఏమిటంటే, కెప్టెన్ ఆరని రంగు మీద కూర్చోవడం. అరిచేవాడు పైన ఉంటాడు, పని తెలిసినవాడు కింద ఉంటాడు. దిక్సూచి ఒక వైపు చూపిస్తే ఓడ ఇంకో వైపు వెళుతుంది, ప్రతిసారీ అదే మంచిదవుతుంది. బావ చూసి చూసి ఆ కెప్టెన్ నడక నేర్చుకున్నాడు, టోపీ అలాగే పెట్టుకునేవాడు. ఇంట్లో అన్నం అయిపోతే "సరుకు నిల్వలు అడుగంటాయి" అనేవాడు. అక్క అలవాటు పడిపోయింది.

కానీ ఇక్కడొక చిక్కుంది. ఆదివారం మొదటి లాంచీ ఎనిమిదిన్నరకి. తెర మీద "విశ్రాంతి" అని అక్షరాలు పడేది ఎనిమిదీ పదికి. అక్షరాలు పడగానే బావ లేచి, టోపీ సర్దుకుని, రేవుకు పరిగెత్తాలి. కాబట్టి ముప్ఫై ఏళ్ళలో ఆయన ఆ సినిమా మొదటి సగాన్ని పదిహేను వందల సార్లు చూసి ఉంటాడు, రెండో సగాన్ని ఒక్కసారీ చూడలేదు. సెలవు పెట్టి చూడమంటే వినేవాడు కాదు. ఉద్యోగం దిగిన మర్నాడు చూస్తానని, అందాకా ఎవరూ తన చెవిన వేయొద్దని ఊరందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

ఊరు మాట నిలబెట్టుకుంది. మంగలి దుకాణంలో ఆ సినిమా మాట నడుస్తుంటే, బావ గుమ్మమెక్కగానే వాతావరణం మీదికి మళ్ళేది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ ఒకసారి లాంచీలో నోరు జారబోతే పక్కనున్న నలుగురూ ఒక్కసారే దగ్గు అందుకున్నారు. ఆ పోస్ట్‌మాన్ ఇదేదో అంటురోగాల ఊరనుకుని నెలరోజులు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉత్తరాలు పంచాడు.

బావకు తెలియని ఆ రెండో సగంలో ఏముందంటే, మీకు చెప్పడానికి ఇబ్బంది లేదు, ఓడ వంటవాడు గరిటెతో బాణలి మీద మూడు దెబ్బలు కొడతాడు. అది భోజనానికి పిలుపు. ఆకలి మీదున్న నావికులంతా ఎడమవైపు వంటగదికి పరిగెత్తుతారు. ఓడ అటు ఒరుగుతుంది, సరిగ్గా అప్పుడే శత్రువు వదిలిన టార్పెడో కుడివైపు అడుగు కింద నుంచి దూసుకుపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ భోజనం చేస్తారు. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా హాలు హాలంతా కాళ్ళు దడదడలాడిస్తూ ఎడమవైపుకు ఒరిగేది. మా హాల్లో ఎడమవైపు చివరి కుర్చీల్లో ఒక్కటీ సవ్యంగా ఉండేది కాదు.

ఇదిలా ఉండగా బావకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. లాంచీ ముసలిదైంది, తనిఖీ అధికారి ఆదివారం పదింటికి వచ్చి చూస్తాడు. సంతకం పెడితే లాంచీ తిరుగుతుంది. పెట్టకపోతే ఒడ్డుకు లాగేస్తారు, సరంగుకు మిగిలిన రెండేళ్ళూ రేవు గేటు దగ్గర స్టూలు. బావ ఆ కాగితం చదివి మూడు రోజులు సరిగా తినలేదు. నీళ్ళ మీద ముప్ఫై ఏళ్ళు నిలబడిన మనిషిని స్టూలు మీద కూర్చోమంటే ఎలా ఉంటుంది చెప్పండి.

కాగితంలో తొమ్మిదో అంశం ఇంకో గుదిబండ. ప్రమాద సూచన మూడుసార్లు మోగగానే, కనీసం అరవై మంది ప్రయాణికులు కూర్చున్నచోటే నీళ్ళలో తేల్చే రక్షణ పట్టీలు కట్టుకుని చూపించాలి. మోగించడానికి లాంచీ కూత ఉందిగా అనుకున్నాడు బావ. శనివారం సాయంత్రం అది మూగబోయింది. చేతిలో ఎప్పుడూ నూనె డబ్బా ఉంటుందని మెకానిక్‌ను అందరూ నూనెడబ్బా అనే పిలిచేవారు. అతను కూతను విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. బిగించాక చేతిలో రెండు ముక్కలు మిగిలాయి. అవి ఎక్కడివో తేలడానికి వారం పడుతుందన్నాడు.

ఆదివారం పొద్దున్న బావ సినిమాకు వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. తనిఖీ అయ్యేదాకా లాంచీ తిప్పొద్దన్నారు. దాన్ని కడిగి, ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, నీ పెద్ద బాణలీ గరిటే ఇటివ్వు."

"ఎందుకండీ?"

"కూత లేదుగా. ఖలాసీ చేత దాని మీద మూడు దెబ్బలు కొట్టిస్తాను."

అక్క తలుపు పట్టుకుంది. "మూడే ఎందుకు? నాలుగు కొట్టకూడదా?"

"నియమాల్లో మూడని ఉంది."

"పోనీ బిందె తీసుకెళ్ళండి."

"బిందె మోత లాంచీ చివరిదాకా పోదే."

"గంట అయితే బావుంటుంది కదండీ. ఎదురింటి వాళ్ళనడుగుతాను."

"ఇంత ఇనుము ఇంట్లో పెట్టుకుని గంటెందుకు?"

అక్క నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను. చెబితే ముప్ఫై ఏళ్ళ మాట పోతుంది, చెప్పకపోతే ఏమవుతుందో మాకూ తెలియదు. అక్క చివరికి బాణలీ గరిటే ఇచ్చేసింది.

అరవై మందిని ఎక్కడి నుంచి తేవాలి? అదీ బావ ముందే ఆలోచించాడు. హాల్లో టికెట్లు చింపే ఆయనతో మాట్లాడి, ఆట వదలగానే జనాన్ని నేరుగా లాంచీకి పంపమన్నాడు. అంటే ఏమైందో చూడండి. బాణలి మోత విని, కుర్చీల్లో ఒరిగి, ఆ వేడి ఇంకా తగ్గకుండానే డెబ్బై మంది వచ్చి లాంచీలో కూర్చున్నారు. బాణలి వెనకాలే వచ్చిన అక్కా నేనూ ఒక చివర కూర్చున్నాం. ఎదురుగా లాంచీలో తాళ్ళు పట్టే ఖలాసీ చేతిలో బాణలి, గరిటె.

టికెట్లు చింపే ఆయన కళ్ళు మెరిశాయి. ఈ పొద్దున్న సరంగు సినిమాకు రాలేదు. పైగా బాణలి తెచ్చాడు. ఇంకేముంది, ఎక్కడో రహస్యంగా రెండో సగం చూసేశాడు, ఆ ముచ్చట మనకు ఇలా చెబుతున్నాడు. ఆయన పక్కవాళ్ళ చెవిలో వేశాడు, ఆ మాట రెండు నిమిషాల్లో బల్లలన్నీ చుట్టి వచ్చింది.

బావ ముందుకొచ్చి, మూడు దెబ్బలు వినగానే ఏం చేయాలంటే అని మొదలుపెట్టాడు.

"అది మాకు నేర్పక్కర్లేదు సరంగుగారూ," అన్నాడు టికెట్లు చింపే ఆయన. "మీరు కొట్టించండి చాలు."

డెబ్బై మొహాలూ వెలిగిపోతున్నాయి. ఇంత క్రమశిక్షణ ఉన్న ప్రయాణికులను ఎన్నడూ చూడలేదని బావ కళ్ళు చెమర్చాయి. ఖలాసీని పక్కకు పిలిచి, నేను టోపీ తీయగానే కొట్టు అని చెప్పాడు.

తనిఖీ అధికారి పదింటికే వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. నవ్వు అనేదాన్ని ఆ మొహానికి ఎవరూ పరిచయం చేసినట్టు లేదు. ఇంజన్ చూశాడు, తాళ్ళు లాగి చూశాడు, ప్రతిదానికీ ఒక గీత గీశాడు. లాంచీ ఎడమవైపు రేవు గోడకు, పాత టైర్లకు ఆనుకుని ఉంది. కుడివైపు బయటి నుంచి చూస్తానని ఆయన చిన్న పడవలో దిగి చుట్టూ తిరిగాడు. రంగు కొత్తది, మెరిసిపోతోంది. అంతా బాగానే ఉందని గొణుక్కుంటూ ఒళ్ళో కాగితం పెట్టుకుని కలం మూత తీశాడు.

పైనుంచి చూస్తున్న బావకు ఆ మూత తీయడం కనబడింది. ప్రాణం లేచొచ్చింది. మూడు రోజుల చెమట ఒక్కసారిగా పట్టింది. తుడుచుకుందామని టోపీ తీశాడు.

ఖలాసీ కొట్టాడు. టంగ్, టంగ్, టంగ్.

డెబ్బై మంది లేచి ఎడమవైపుకు పరిగెత్తారు. అబద్ధమెందుకు, నేనూ పరిగెత్తాను. కాళ్ళు అవే వెళ్ళాయి. బల్లలు జారాయి, బుట్టలు దొర్లాయి, నూనెడబ్బా తన డబ్బాతో సహా కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఈ చివర నుంచి ఆ చివరకు జారుకుంటూ వచ్చాడు. లాంచీ టైర్ల మీదికి ఒరిగి మూలిగింది. జనం హాల్లోలాగే కాళ్ళు దడదడలాడిస్తున్నారు. కూర్చోండయ్యా, పట్టీలు కట్టుకోండయ్యా అని బావ మొత్తుకుంటున్నాడు. ఆయన కెప్టెన్‌లా భలే నటిస్తున్నాడని జనం ఇంకాస్త గట్టిగా తొక్కారు. బావ టోపీ నీళ్ళలో పడి, రేవు మెట్ల వైపు తాపీగా ప్రయాణం కట్టింది.

అటు కుడివైపు ఏమైంది? నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు లాంచీ పొట్ట నీళ్ళలోంచి పైకి లేచి, చిన్న పడవలో ఉన్న అధికారి ముక్కుకు ఎదురుగా వచ్చింది. రోజూ నీళ్ళ కింద ఉండే చెక్క, ఎవరూ చూడని చెక్క. ఆయన అటే చూశాడు. కలంతో మెల్లిగా పొడిచాడు. కలం సగం దాకా లోపలికి దిగి, మళ్ళీ రాలేదు.

జనం నవ్వుకుంటూ వెనక్కి వచ్చి కూర్చున్నారు. లాంచీ నిటారుగా నిలబడింది, కలం దానితోపాటు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అధికారి పైకెక్కాడు. ఆయన మొహం చూశాక నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బావకు అప్పటికే స్టూలు కళ్ళముందు కనిపిస్తోంది.

"ఎవరి ఏర్పాటయ్యా ఇది?"

"నాదేనండి. వీళ్ళ తప్పేం లేదు. ఏం రాసినా నా మీదే రాయండి."

"రాయడానికి కలం లేదు. మీ లాంచీలో దిగబడింది."

అప్పుడు చెప్పాడు ఆయన. కిందటేడు మరమ్మతు చేసినవాళ్ళు పుచ్చిన చెక్క మార్చకుండా గుడ్డ పేలికలు కుక్కి పైన రంగు పూశారు. ఇంకో నెల తిరిగితే నది మధ్యలో అది ఊడేది. అక్క వచ్చి బావ చొక్కా చేయి పట్టుకుంది.

"నీళ్ళ కింద ఏముందో ఇలా చూడొచ్చని మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. మీకెలా తట్టింది?"

బావ అబద్ధం ఆడే మనిషి కాదు. "నాకు తట్టలేదండి. వీళ్ళెందుకు అటు పరిగెత్తారో నాకిప్పటికీ తెలీదు."

డెబ్బై మందికీ అప్పుడు అర్థమైంది. అయితే ఈయన చూడలేదన్నమాట. అధికారి జనం వైపు తిరిగి, ఎందుకు పరిగెత్తారని అడిగాడు. డెబ్బై మందీ దగ్గడం మొదలుపెట్టారు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. టికెట్లు చింపే ఆయన దగ్గర పెన్సిల్ తీసుకుని గబగబా రాశాడు. లాంచీని రెండు నెలలు మరమ్మతుకు పంపాలి, తిరిగొచ్చాక సరంగుగా ఈయనే ఉండాలి. రాసి, గొడుగు మరిచిపోయి, వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి ఆదివారం "విశ్రాంతి" అని పడగానే బావ అలవాటు కొద్దీ లేచాడు. అక్క చొక్కా పట్టి లాగింది.

"ఎక్కడికి? లాంచీ లేదుగా."

"ఉద్యోగం దిగాక చూస్తానన్నానే."

"ఆ చెక్క ఊడి ఉంటే ఏ సగం చూసేవారు? కూర్చోండి."

కూర్చున్నాడు. కాసేపటికి తెర మీద వంటవాడు బాణలి అందుకుని మూడు దెబ్బలు కొట్టాడు. హాలంతా ఎడమవైపు ఒరిగింది. బావ ఒక్కడే లేచి నిలబడి, "కూర్చోండి, పట్టీలు కట్టుకోండి" అని అరిచాడు. అరిచి, తెర వంక చూశాడు. ఓడ కింద నుంచి టార్పెడో వెళ్ళిపోతోంది, నావికులు కంచాల ముందు కూర్చుంటున్నారు. తర్వాత మెల్లిగా అక్క వైపు తిరిగాడు.

"నేను బాణలి అడిగినప్పుడు నీకిది తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"మీరే వద్దన్నారుగా."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, ఆ చివరి విరిగిన కుర్చీలోకి జారిపోయాడు. సినిమా అయిపోయినా ఆయన నవ్వు అవలేదు. దీపాలు వేసినవాడు కూడా వెంటనే వెళ్ళమనలేదు.

మూడు నెలలకు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి రేవులో ప్రతి లాంచీనీ ఏటా ఒకసారి అరవై మందితో ఎడమవైపు ఒరిగించి పొట్ట పరీక్షించాలట. కావలసిన పరికరాలు: ఇనుప బాణలి ఒకటి, గరిటె ఒకటి. అక్క బాణలి మీద తెల్లరంగుతో నంబరు వేసి లాంచీలో మేకుకు తగిలించారు. తిరిగి ఇప్పించమని అక్క అర్జీ పెట్టుకుంటే, సదరు పరికరం విధుల్లో ఉందని జవాబొచ్చింది.

ఇదీ సంగతి. బాగా గుర్తుపెట్టుకోండి, నలుగురు కూడినచోట చెప్పండి. ఆ సినిమా రెండో సగం చూడనివాళ్ళు ఎవరైనా ఎదురుగా ఉంటే మాత్రం, బాణలి దగ్గరికి వచ్చేసరికి కాస్త దగ్గండి.