తాతగారి పుట్టుమచ్చ

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. బొమ్మ కళ్లలో రెండు తెల్లచుక్కలు పెట్టి కుంచె కడిగేయడమే. సాయంత్రం అత్తగారు వచ్చి, తన తండ్రి ఆయిల్ పెయింటింగును అన్నగారికి ఇచ్చేస్తారు. ఇక ఆమెకు మిగిలేది, నెలరోజులుగా అల్లుడు కుస్తీ పడుతున్న నకలు ఒక్కటే. "నాన్న ముఖం లేని గోడను చూస్తూ ఎలా ఉండను?" అని ఆమె కళ్లు తుడుచుకున్న రోజున, కుంచె పట్టడమైనా రాని అల్లుడు "నేను వేసిస్తాను అత్తయ్యగారూ!" అనేశాడు. అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

చుక్కలు పెట్టబోతుంటే చిన్నప్పటి డ్రాయింగు మాస్టారి మాట గుర్తొచ్చింది. బొమ్మను అద్దంలో చూస్తే తప్పులు బయటపడతాయట. పడగ్గదిలోని అద్దం తెచ్చి తన బొమ్మకు ఎదురుగా నిలబెట్టాడు. అసలు బొమ్మలో తాతగారి పుట్టుమచ్చ ఎడమబుగ్గ మీదుంది. అద్దంలో కనిపిస్తున్న తాతగారికి కుడిబుగ్గ మీదుంది!

"నిన్న బాగానే ఉంది కదండీ," అంది భార్య.

"నిన్న అద్దం లేదుగా!"

రంగు ఇంకా పచ్చిగానే ఉంది. మచ్చను గుడ్డతో తుడిచి అవతలి బుగ్గకు మార్చాడు. అద్దంలో సరిపోయింది. మరి పాపిడి? అదీ తప్పే. పాపిడి మారిస్తే చెవి అలుక్కుపోయింది. చెవి దిద్దబోతే కాలరు చెడింది. జేబు కలంతో సహా ఇటునుంచి అటు వెళ్లిపోయింది.

"భోజనానికి రండీ!"

"ఉండు, చూపు తిప్పాలి."

నాలుగింటికల్లా కిటికీ వైపు చూసే తాతగారు తలుపు వైపు చూడసాగారు. అద్దంలో మాత్రం అచ్చుగుద్దినట్టు కుదిరారు. అల్లుడు గర్వంగా అద్దం తీసేసి, బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టాడు. తాతగార్లిద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"అయ్యో రామా!" అంది భార్య. అప్పుడే వీధితలుపు చప్పుడైంది.

అత్తగారు వస్తూనే నకలు ముందు ఆగిపోయారు.

"ఇంకొక్క నెల టైమిస్తే, అత్తయ్యగారూ..."

"మీకెవరు చెప్పారు బాబూ?" ఆమె కళ్లనిండా నీళ్లు. "నాన్న పోయాక ఫొటో చూసి ఆ పెయింటింగు వేయించాం. ఆ ఫొటో కుడిఎడమలు తిరగబడి ప్రింటయింది. అమ్మ బాధపడుతుందని ఎవరం నోరెత్తలేదు. మచ్చ ఈ బుగ్గమీదే. నన్నెత్తుకున్నప్పుడల్లా వేలితో నొక్కేదాన్ని."

అసలు బొమ్మ వైపు ఆమె మళ్లీ చూడలేదు.

"ఎంత పరీక్షగా చూశారు అల్లుడుగారూ!"

భార్య అద్దాన్ని చప్పుడు కాకుండా గోడ వైపు తిప్పేసింది.