మే నెలలో మంకీ క్యాపులు

ఆ శుక్రవారం ఉదయం హేమశ్రీ పెట్టుకున్న పని చాలా చిన్నది. మే నెలకు కావలసిన సరుకు జాబితా కంప్యూటరులోంచి తీయాలి, నాన్నగారి చేత సంతకం పెట్టించాలి, పదిన్నరకు రాహుకాలం వచ్చేలోగా సరుకు పంపే లూధియానా కంపెనీకి ఫ్యాక్స్ కొట్టాలి. అంతే.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో గొడుగులు, టోపీలు టోకున అమ్మే కొట్టు జోగేశ్వరరావుగారిది. ఏ నెలలో ఏ సరుకు ఎంత పోతుందో ముప్పై ఏళ్ళుగా ఆయన ఆకాశం వంక చూసి చెప్పేవారు. చెప్పింది జరగకపోతే ఆకాశాన్నే తిట్టేవారు. కాకినాడలో హాస్టల్లో ఉండి ఎంసీఏ చదివొచ్చిన కూతురు మాత్రం, పాత అమ్మకాలు చూసి తనంతట తానే నేర్చుకుని ముందు రాబోయే గిరాకీ చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసింది.

"మెషిన్ లెర్నింగ్ అంటారు నాన్నగారూ. పదేళ్ళ రిజిస్టర్లు ఇస్తే చాలండి, మిగతాది అదే చూసుకుంటుంది."

"సరేనమ్మా, ఈ ఒక్క వేసవీ దాని మాట వింటాను. సరుకు మిగలకపోతే కొట్టు తాళాలు నీకే. మిగిలిందా, బుద్ధిగా హైదరాబాదు వెళ్ళి ఉద్యోగం చూసుకోవాలి. ఏమంటావు?"

హేమశ్రీకి కొత్త గొడుగుల వాసన ముందు ఏ ఉద్యోగమూ ఆనదు. మూడు వారాల పాటు గుమాస్తా అబ్బులు రిజిస్టర్లు చదువుతుంటే, వేళ్ళు నొప్పి పుట్టేలా టైపు చేసింది.

తీరా జాబితా అచ్చయి వచ్చాక చూస్తే అందులో "మంకీ క్యాపులు: 3480" అని ఉంది. ఉలిక్కిపడి రిజిస్టర్లు తిరగేసింది. ఏ మే నెల చూసినా, ఏ రోజు చూసినా, మంకీ క్యాపుల గడిలో నూట పదహారే. మేడే సెలవు పోను మిగతా ముప్పై రోజులకూ లెక్క సరిపోయింది. బదరీ, కేదారం తీసుకెళ్ళే బస్సులవాళ్ళకి మనది వాడుక కొట్టు కాబోలు, హాస్టల్లో ఉండి తనకు తెలియలేదు అనుకుని తృప్తిపడింది.

జోగేశ్వరరావుగారు కళ్ళజోడు సవరించుకుని ఆ అంకె చూశారు. ఎండాకాలంలో ఉన్ని టోపీలేమిటని అడగబోయారు. కానీ కంప్యూటరు సంగతి తనకూ తెలుసునని ముందురోజే భార్య సత్యలక్ష్మి దగ్గర గొప్పలు పోయి ఉన్నారు. ఇప్పుడు అడిగితే పరువు పోతుంది. పైగా పది ఇరవై ఐదు అయింది. సంతకం పెట్టేశారు.

మే మొదటివారంలో, రోడ్డు మీద తారు కరుగుతున్న మిట్టమధ్యాహ్నం, ఇరవై తొమ్మిది మూటల ఉన్ని టోపీలు దిగాయి. కొట్లో కాలు పెట్టే చోటు లేదు. వారం గడిచినా ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు.

"యాత్రల బస్సులవాళ్ళు ఇంకా రాలేదేంటండి నాన్నగారూ?"

"ఏ బస్సులమ్మా?"

"అదేనండి, రోజూ నూట పదహారు టోపీలు పట్టుకెళ్ళేవాళ్ళు!"

జోగేశ్వరరావుగారు కుర్చీలో కూలబడ్డారు. "ఓసి నా తల్లీ! అమ్మకం లేని రోజున సున్నా వేస్తే లక్ష్మీదేవి అలుగుతుందని, మా నాన్నగారి కాలం నుంచీ ఆ గడిలో శుభమా అని నూట పదహారు వేస్తాం. మే నెలలో మంకీ క్యాపు ఎవడు కొంటాడే?"

హేమశ్రీ అబ్బులు వైపు తిరిగింది. "చదివింది నువ్వే కదా అబ్బులూ, ఒక్క ముక్క చెప్పకూడదా?"

"అంత చదువుకున్న కంప్యూటరండి, ఆమాత్రం సెంటిమెంటు తెలుసుంటుందనుకున్నానండి అమ్మాయిగారూ."

హేమశ్రీకి ఏడుపొచ్చింది. హైదరాబాదు కళ్ళముందు కనిపించింది. సరిగ్గా అప్పుడే ఎదురుకొట్టు అచ్చిబాబుగారు గొంతు తగ్గించుకుని లోపలికొచ్చారు. అబ్బులు టీకొట్టు దగ్గర కోసిన కోతలన్నీ ఆయన చెవిన పడ్డాయి.

"ఏంటండీ సంగతి? మీ కంప్యూటరు ఏదో కనిపెట్టిందటగా? ఓ పది మూటలు నాకూ ఇప్పించండి."

"వద్దు బాబాయిగారూ, అది మా పొరపాటండి. కొంటే మునిగిపోతారు," అంది హేమశ్రీ ఉన్నదున్నట్టు.

అచ్చిబాబుగారు ముసిముసిగా నవ్వారు. "అంతలా వద్దంటున్నావంటే, మొత్తం ఇచ్చేయమ్మా!"

ఆమె బతిమాలినకొద్దీ ఆయన పట్టు బిగించారు. సాయంత్రానికి ఇరవై తొమ్మిది మూటలూ రోడ్డు దాటేశాయి. హేమశ్రీకి నాలుగు రోజులు అన్నం సహించలేదు.

అయిదో రోజు అచ్చిబాబుగారు మళ్ళీ వస్తుంటే చూసి గొడుగుల చాటుకు తప్పుకుంది. ఆయన చేతిలో కాజాల పొట్లం ఉంది.

"ఎక్కడున్నావమ్మా హేమా? మా బావమరిది కాకినాడలో రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. వేసవిలో మంచుగదుల్లో పనిచేసేవాళ్ళకి చెవులు గడ్డకట్టిపోతున్నాయట! నా దగ్గర టోపీలు చూసి మొత్తం ఎత్తుకుపోయాడు. నీ కంప్యూటరుకి ఎలా తెలిసిందమ్మా? ఇంకా ఉన్నాయా?"

హేమశ్రీ గొడుగుల చాటునుంచే లెక్క వేసింది. మే నెల అమ్మకం మూడు వేల నాలుగు వందల ఎనభై. రోజుకు నూట పదహారు. కంప్యూటరు ఒక్క టోపీ కూడా తప్పలేదు.

జోగేశ్వరరావుగారు మొలలోంచి తాళాల గుత్తి తీసి కూతురి చేతిలో పెట్టారు. హేమశ్రీకి కళ్ళు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు. ఆ ఊపులోనే తొలి హుకుం జారీ చేసింది: "ఇకనుంచి సున్నా ఉన్నచోట సున్నానే వేయాలండి, నాన్నగారూ."

ఆయన అలాగేనమ్మా అని తలూపి, రిజిస్టరు తెరిచి, కొట్లో ఒక్క మంకీ క్యాపూ మిగల్లేదు గనుక, నిల్వ గడిలో నూట పదహారు అని రాశారు.